మోచెయ్యి దిగిన సీజన్

మా ఇంట్లో ఏ తప్పు జరిగినా దాని మూలం మోచేతిలోనే ఉన్నట్టు లెక్క. పాలు పొంగిపోయినా, చెప్పు తెగినా, పరీక్షలో నాకు మార్కులు తగ్గినా నాన్న నోట ముందు వచ్చే మాట ఒకటే: “మోచెయ్యి దించేసుంటావ్.” అమ్మ నవ్వేది. “నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా ఈయన నా మొహం చూళ్ళేదు, మోచేతులే చూశాడు” అనేది.

నాన్న బరువులెత్తడం నేర్పే మాస్టరు. వీధంతా ఆయన్ని కోచ్ అనే పిలిచేది. పైన ఇల్లు, కింద హాలు. ఆ హాలు ఒకప్పుడు లారీ టైర్ల గోదాము. మేం పుట్టి పెరిగాక కూడా ఆ రబ్బరు వాసన దాన్ని వదల్లేదు. బరువులు తగిలించే ఇనప బార్ ఆనించే స్టాండ్లన్నీ నాన్న స్వయంగా వెల్డింగ్ చేసుకున్నవే. కింద ఎవరైనా బార్ పడేస్తే పైన అలమరలో గిన్నెలు గలగలమనేవి, అమ్మ కుట్టుమిషన్ మీద ఒక కుట్టు తప్పేది. అమ్మ స్కూలు యూనిఫారాలు కుట్టేది. పడిన చప్పుడు విని పడేసిందెవరో చెప్పేయగలిగేది. “ఇది పొట్టిదే. ఇంకా దానికి దించడం రాలేదు” అని పైనుంచే అరిచేది. ఆ పొట్టిని నేనే. ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేని పేరు.

అన్నయ్యని హాల్లో అందరూ స్తంభం అనేవారు. చెట్టంత మనిషి అని కాదు, ఫ్రంట్ స్క్వాట్ వల్ల వచ్చింది ఆ పేరు. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. బార్‌ని వీపు మీద కాకుండా గొంతుకు ఆనేలా భుజాల ముందు పెట్టుకుని, గొంతుక్కూర్చున్నట్టు పూర్తిగా కిందికి కూర్చుని, లేవాలి. అంతే. బార్ చేతుల్లో ఉండదు, భుజాల మీద కూర్చుంటుంది. వేళ్ళు ఊరికే కాపలా. మోచేతులు రెండూ ఎదుటివాడి ఛాతీని గురిచూస్తున్నట్టు ముందుకి ఎత్తి ఉంచాలి. అవి దిగాయా, భుజాల అరుగు ఏటవాలైపోతుంది, బార్ దొర్లి కింద పడుతుంది. మా పోటీల్లో ఎంత బరువు లాగి భుజాల మీద పట్టుకున్నా, కూర్చున్న చోటునుంచి లేవలేకపోతే దండగే. లేచేటప్పుడు ఎంత మొనగాడికైనా వీపు కాస్త ముందుకు వంగుతుంది. అన్నయ్యకి వంగేది కాదు. నీళ్ళలోంచి పైకి వచ్చే స్తంభంలా నిటారుగా వచ్చేవాడు. చూడటానికి జనం ఆగిపోయేవారు.

మాకు ఏడాదికి రెండే కాలాలు, పోటీకి ముందు, పోటీ తర్వాత. ఆ ఏడు పోటీ వానలు వెనకబట్టే వేళకి పడింది. అందులో గెలిచినవాళ్ళకి జట్టులో చోటు, జట్టులో చోటు వస్తే ఉద్యోగం. అన్నయ్యకి అంతకుముందు రెండుసార్లు నోటిదాకా వచ్చి జారిపోయింది. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది. వాడికి మరో పని రాదు. నేర్చుకోవాలని వాడు అనుకోలేదు, నేర్చుకోమని నాన్న అననూ లేదు. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క పోటీ మీదే కళ్ళు పెట్టుకుని ఉన్నాం.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున వాడు ఒళ్ళు వేడెక్కడానికి ఎత్తే బరువుతోనే కిందికి కూర్చున్నాడు. లేస్తుండగా సగంలో బార్ ఎడమవైపు దొర్లి, పెద్ద చప్పుడుతో రబ్బరు చాప మీద పడింది. పైన గిన్నెలు మోగాయి. అమ్మ కిటికీలోంచి తొంగి చూసి, “ఎవర్రా అది? కొత్తవాళ్ళా?” అంది.

హాల్లో ఎవ్వరూ నవ్వలేదు.

“ఏంట్రా?” అన్నాడు నాన్న.

“జారింది.”

“బార్‌కి కాళ్ళున్నాయా జారడానికి? మోచెయ్యి దించావ్.”

“దించలేదు నాన్నా.”

“నేను చూశా.”

“నేనూ చూశా. ఎడమది” అన్నాను.

“నువ్వు నోర్ముయ్యవే పొట్టీ. బార్ నున్నగా అరిగిపోయింది నాన్నా, పట్టు దొరకట్లా.”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే” అన్నాడు నాన్న. “వేళ్ళతో పట్టేది కాదురా ఇది, ఎన్నిసార్లు చెప్పాలి? మళ్ళీ ఎత్తు.”

మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దిగింది.

అలా మొదలైంది. మామూలు ఇంట్లో అయితే పిల్లాడి చెయ్యి నీరసంగా ఉందంటే టానిక్ కొనిపెడతారు, లేదా పడుకోమంటారు. మాది మామూలు ఇల్లు కాదు. మాకు నీరసం అన్న మాట తెలియదు, పద్ధతి తప్పడం ఒక్కటే తెలుసు. నాన్న తన దగ్గరున్న విద్యలన్నీ బయటికి తీశాడు. మణికట్లు బిగుసుకున్నాయన్నాడు, పొద్దున్నే గోడకి అరచేతులు ఆనించి వంచమన్నాడు. మణికట్లు సాగాయి, మోచెయ్యి దిగుతూనే ఉంది. చంకల కింద బిగుతన్నాడు, కర్ర పట్టుకుని చేతులు వెనక్కి తిప్పించాడు. బార్‌కి గుడ్డ పట్టీలు కట్టి వాటిని పట్టుకోమన్నాడు. ఆ పట్టీలు అమ్మ యూనిఫారం గుడ్డతో కుట్టింది. చేతులు అడ్డంగా కట్టుకుని, బార్ మీద ఆనించి ఎత్తమన్నాడు. బరువు తగ్గించి, అడుగున కూర్చుని ఊపిరి బిగబట్టి ఆగమన్నాడు. ఒక్కో ఉపాయం నాలుగు రోజులు పనిచేసినట్టు ఉండేది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో పండగే. నాన్న పాటలు పాడుకుంటూ బార్ బరువుల ప్లేట్లు తుడిచేవాడు. తర్వాత మళ్ళీ చప్పుడు, మళ్ళీ గిన్నెలు.

ఇందులో నాకో లాభం జరిగింది. చెప్పకుండా దాచను. నాన్న అరిచేది వాడి మీద, పక్క స్టాండులో వింటున్నది నేను. “మోచేతుల్తో లేవరా, నడుంతో కాదు! అడుగునుంచి ముందు కదలాల్సింది మోచేతులే!” అని ఆయన అరుస్తుంటే నేను అలాగే చేసి చూసేదాన్ని. మడమలు నేలకి అతుక్కున్నాయో లేదో, మోకాళ్ళు లోపలికి వాలుతున్నాయో లేదో చూసుకునేదాన్ని. అంతవరకూ నన్ను అడుగున కూలేసిన బరువులు ఒక్కొక్కటే లేవడం మొదలుపెట్టాయి. పాఠం వాడికి, ఫలితం నాకు. నాకు ఆనందంగా ఉండేది. పైకి గెంతాలనిపించేంత ఆనందం. వాడి ముందు గెంతలేక మేడ మీదికెళ్ళి అమ్మని ఎత్తుకుని తిప్పేదాన్ని.

“దించవే తల్లీ, సూదులున్నాయి ఒళ్ళో” అనేది అమ్మ.

విద్యలన్నీ అయిపోయాక నాన్న మనసు మీద పడ్డాడు. ఆయన సిద్ధాంతం ప్రకారం మోచెయ్యి దిగిందంటే మనసు ఎక్కడో తిరుగుతోందని అర్థం. ఒకరోజు భోజనాల దగ్గర గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“ఎవర్రా ఆ పిల్ల?”

అన్నయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. “ఏ పిల్ల?”

“నాకేం అభ్యంతరం లేదు. పోటీ అయ్యాక వెళ్ళి నేనే మాట్లాడతా. కానీ సీజన్లో ఇది పనికిరాదు. చూడు, మోచేతులు ఎలా అయిపోయాయో.”

“పిల్లా లేదు, పిడకా లేదు. నాతో మాట్లాడే ఆడది ఈ పొట్టి ఒక్కతే. అది కూడా తిట్టడానికే.”

అమ్మా నేనూ పగలబడి నవ్వాం. వాడూ నవ్వాడు. నవ్వుతూ ముద్ద నోట్లో పెట్టుకోవడానికి తల కిందికి వంచాడు, చేతిని పైకి తేలేదు. నాకు అది అప్పుడు కనబడింది. ఆకలి మీద ఉన్నాడనుకున్నాను.

పోటీకి వేసుకెళ్ళే జాకెట్లు ఎప్పుడూ అమ్మే కుట్టేది. ఆ ఏడు కూడా టేపు మెడలో వేసుకుని వాణ్ణి నిలబెట్టింది. కుడిచెయ్యి కొలిచింది, ఎడమచెయ్యి కొలిచింది. మళ్ళీ ఎడమది కొలిచింది. టేపు తిప్పి పట్టుకుని మరోసారి కొలిచింది.

“ఏంటమ్మా, గుడ్డ సరిపోదా?” అన్నాడు వాడు.

“సరిపోద్ది. నువ్వెళ్ళు.”

సాయంత్రం నాన్నతో చెప్పింది. “ఏమండీ, వాడి ఎడమచెయ్యి సన్నబడింది. అందరికీ కాస్త తేడా ఉంటుంది గానీ ఇంత ఉండదు. ఎవరికైనా చూపిద్దాం.”

“నేను మొత్తుకునేది అదే కదా!” అన్నాడు నాన్న, దొంగ దొరికినంత సంబరంగా. “ఎడమచేత్తో పనిచెయ్యకుండా కుడిచేత్తోనే నెట్టుకొస్తున్నాడు. పని లేకపోతే కండ ఎందుకుంటుంది? రేపట్నుంచి ఎడమచేతికి రెట్టింపు పని.”

“మీరు చూస్తున్నది చెయ్యి. నేను మాట్లాడేది పిల్లాడి గురించి” అంది అమ్మ.

“పిల్లాడి గురించే చేస్తున్నా.”

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అమ్మ జాకెట్ ఎడమ చెయ్యి లోపలివైపు కాస్త ఎక్కువ గుడ్డ మడిచి కుట్టింది, మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పడానికి వీలుగా.

తొలకరి పడింది. హాలు రేకుల మీద వాన చప్పుడుకి నాన్న గొంతు పెంచి అరవాల్సి వచ్చేది. వారమంతా అరిచి అరిచి ఆ రోజు ఆయన గొంతు పోయింది. అందుకని వాడికి ఎదురుగా నిలబడి తన రెండు అరచేతులూ వాడి మోచేతుల కింద పెట్టాడు.

“నేను ఆపుతా. నువ్వు నా చేతులు తాకకుండా లే. తాకావా, దించినట్టే లెక్క.”

బార్ మీద ప్లేట్లు చిన్నవి. నేనైతే కబుర్లు చెప్తూ ఎత్తే బరువు. అన్నయ్య కిందికి కూర్చున్నాడు. ఎడమ మోచెయ్యి వచ్చి నాన్న అరచేతిలో వాలింది. నాన్న వాడి మోచేతి పైభాగాన్ని వేళ్ళతో పట్టుకున్నాడు. అక్కడ చర్మం కింద కండ దానంతటదే అదురుతోంది. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి, గుడ్డ కింద పురుగు పాకినట్టు. బార్ స్టాండ్ మీద పెట్టాక కూడా అదురుతూనే ఉంది. చెయ్యి ఊరికే వేలాడుతున్నప్పుడు కూడా.

“ఇది ఎన్నాళ్ళనుంచి?” అన్నాడు నాన్న, ఆ పోయిన గొంతుతోనే.

“ఏది? అదా? చాన్నాళ్ళయింది. అలసటేమో. తొడల్లో కూడా ఉంది.”

నాన్న వేళ్ళు తీశాడు. కాసేపు తన అరచేయి చూసుకున్నాడు. జీవితంలో ఆయన ఎన్ని వందల చేతుల్ని పట్టుకుని సరిచేశాడో. అలసిన కండ ఎలా వణుకుతుందో ఆయనకి చెప్పాల్సిన పనిలేదు. ఇది అది కాదు.

“ఇవాళ్టికి చాలు” అన్నాడు. వాడి బార్ మీంచి ప్లేట్లు తనే తీసి, తనే సర్దాడు. మా హాల్లో ఎవరి ప్లేట్లు వాళ్ళే తియ్యాలి. ముసలివాళ్ళకైనా ఆ నియమం తప్పదు.

ఆసుపత్రి డాక్టరమ్మ నిదానస్తురాలు. సూదులు గుచ్చి చూశారు, కరెంటు పెట్టి చూశారు, వెన్నులో నీరు తీశారు. చివరికి మా నలుగురినీ కూర్చోబెట్టి చెప్పింది. కండల తప్పేం లేదట. కండలకి కబురు తీసుకెళ్ళే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట. ఎందుకో తెలియదట. కొందరిలో నెమ్మదిగా సాగుతుంది, వీడిలో తొందరగా సాగుతోంది. చేతులు, కాళ్ళు, తర్వాత మింగడం, తర్వాత ఊపిరి.

“మందు?” అంది అమ్మ.

“కాస్త నెమ్మదింపజేసేది ఉందమ్మా. నయం చేసేది లేదు.”

నాన్న కుర్చీ అంచు మీదికి జరిగాడు. “సరే మేడం. ఇప్పుడు వీడేం ఎక్సర్‌సైజు చెయ్యాలి?”

“గట్టి వ్యాయామం వద్దండీ. అలసిపోకుండా చూసుకోవాలి.”

“అర్థమైంది. బరువు తగ్గించి చేయిస్తా. ఎంత బరువుతో?”

డాక్టరమ్మ అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య తల దించుకుని నేల చూస్తున్నాడు. నాకు నాన్న మీద కోపం రాలేదు. ఆ ప్రశ్న తప్ప ఆయన దగ్గర ఇంకో ప్రశ్న లేదు. ఇక మాకు ఎవరూ ఏమీ చెయ్యలేరని అక్కడే, ఆ గదిలోనే తెలిసిపోయింది.

ఇంటికొచ్చిన మర్నాడే నాన్న మళ్ళీ హాలు తెరిచాడు. “ఆవిడ ఎప్పుడైనా బార్ పట్టుకుందా? కబురు అందకపోతే అందేలా అరవాలి. రోజూ కాస్త కాస్త పని పెడితే దారి అదే తెరుచుకుంటుంది.” అమ్మ మెట్ల మీద అడ్డం నిలబడింది. “వాణ్ణి వదిలెయ్యండి. మీకు దణ్ణం పెడతా” అంది. అన్నయ్యే ఆమెని పక్కకి జరిపాడు. “పోనీలే అమ్మా, చేస్తా. కూర్చుని ఏం చెయ్యను?”

బార్ కాదు, వట్టి చీపురుకర్ర. వాన పడుతోంది. నేను నా స్టాండు దగ్గర ఉన్నాను గానీ ఏమీ ఎత్తడంలేదు. అన్నయ్య కర్రని భుజాల ముందు పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి పైకి రాకపోతే నాన్న ఎత్తి పెట్టాడు. వాడు కిందికి కూర్చున్నాడు. వీపు నిటారుగానే ఉంది, మడమలు నేల మీదే ఉన్నాయి. ఎవరు చూసినా తప్పుపట్టలేనట్టు కూర్చున్నాడు. లేవలేదు.

“లే” అన్నాడు నాన్న.

వాడి మెడ నరాలు ఉబ్బాయి. తొడలు వణికాయి.

“లేరా! మోచేతుల్తో! ఎడమ మోచెయ్యి!”

కర్ర దొర్లి కింద పడింది. అంత తేలికైన కర్ర, దాని చప్పుడు పైన అమ్మకి వినబడి ఉండదు. వాడు మెల్లగా పక్కకి ఒరిగి, చాప మీద వెల్లకిలా పడిపోయాడు. పైకప్పు చూస్తూ, కోపం లేకుండా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

“ఇది మోచెయ్యి కాదు నాన్నా.”

నాన్న వంగి వాడి చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. పాతికేళ్ళుగా అరిగిపోయిన మోకాళ్ళు ఆయనవి. లేపలేకపోయాడు. వాడి పక్కనే కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నేను ఆయన ఏడవడం చూడటం అదే మొదలు. వాన చప్పుడులో అది దగ్గులా వినబడింది. ఆ సాయంత్రం హాలుకి తాళం వేశాడు. మర్నాడు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు తలుపు కొట్టి, కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయారు.

తాళం మళ్ళీ తీయించింది అన్నయ్యే. “పొట్టిదాన్ని పోటీకి పంపండి” అన్నాడు. “ఇద్దరూ ఇంట్లో కూర్చుని నా మొహం చూస్తుంటే నాకు పిచ్చెక్కుతోంది.” కింద హాల్లో కుర్చీ వేయించుకుని వాడే నా పద్ధతి చూసి సరిచేసేవాడు. నాన్న ప్లేట్లు ఎక్కించేవాడు, మాట్లాడేవాడు కాదు. వాడి మాట మాత్రం ఇంకా బానే ఉంది. చివర కాస్త ముద్దగా వచ్చేది, అంతే. “తొందరపడకే. కూర్చునేటప్పుడు బరువుకి లొంగు, అడుగుకి వెళ్ళాక లొంగకు” అనేవాడు. నాన్న చెప్పిన దానికంటే బాగా చెప్పేవాడు. ఈ మాట నాన్న ముందు అనేశాను కూడా. ఆయన తలూపాడు.

వానలు వెనకబట్టాయి. పోటీ జరిగే ఊరికి నాన్నా నేనూ బస్సులో వెళ్ళాం. నా చివరి ప్రయత్నంలో నేను అంతకుముందు ఎప్పుడూ లేవని బరువు అడిగాడు నాన్న. లాగాను, భుజాల మీదికి తీసుకుని కూర్చుండిపోయాను. అడుగున ఒక క్షణం లోకమంతా నా మీద కూర్చున్నట్టు అనిపించింది. హాల్లో ఎవరెవరో అరుస్తున్నారు. నాన్న గొంతు లేదు. నేను లేచాను, బార్‌ని తలపైకి నెట్టాను, నిలబెట్టాను. ఎత్తింది సరిగ్గానే ఉందని ముగ్గురు జడ్జీలూ ఒప్పుకున్నట్టు మూడు తెల్ల దీపాలూ వెలిగాయి. జట్టులో చోటు వచ్చింది. శిక్షణ శిబిరం వచ్చే నెలలో, దూరంగా.

తిరుగు బస్సులో నాన్న చాలాసేపు కిటికీలోంచి చూశాడు. “బాగా లేచావమ్మా” అన్నాడు. కండక్టరు చిల్లర ఇవ్వడానికి వచ్చి, ఆయన మొహం చూసి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళేసరికి సాయంత్రమైంది. అన్నయ్య కుర్చీలో ఉన్నాడు. అమ్మ కుట్టిన జాకెట్ వేసుకుని ఉన్నాడు, నా కోసమేనట. “ఎంత?” అన్నాడు. చెప్పాను. వాడు నవ్వాడు. కపటం లేని నవ్వు, కానీ నవ్వు అవ్వగానే మొహం ఎలా సర్దుకోవాలో తెలియక ఇబ్బందిపడ్డాడు. “నువ్వు పడుకున్నాక రెండుసార్లు ఏడుస్తాలే, సంతోషానికోసారి, కుళ్ళుకోసారి. ముందు నన్ను బాత్రూంకి తీసుకెళ్ళు. అమ్మకి నడుం పట్టేసింది, పొద్దున్నుంచి అడగలేదు” అన్నాడు.

లేపి నిలబెడితే, పట్టుకుని నాలుగడుగులు వేయగలడు. లేవడమే రాదు. నేను వాడి ఎదురుగా కూర్చున్నాను. వాడి చేతులు రెండూ తీసి నా భుజాల మీదుగా వేసుకున్నాను. వాడి ఛాతీ నా ఛాతీకి ఆనించుకుని, నా చేతులు వాడి నడుం చుట్టూ వేసి, మోచేతులు పైకెత్తి, ఊపిరి బిగబట్టి లేచాను. వాడు లేచాడు. పక్కన నిలబడ్డ నాన్న చేతులు ముందుకి వచ్చి ఆగిపోయాయి. నా చేతులకి ఇంకా పోటీలో పట్టు కోసం రాసుకున్న సుద్ద ఉంది. వాడి జాకెట్ వెనక రెండు తెల్లటి అరచేతులు పడ్డాయి.

ఆ తర్వాత ఆ పని నాదే అయింది. అమ్మ చెయ్యలేదు, నాన్న చెయ్యలేడు. పొద్దున మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూంకి, సాయంత్రం మళ్ళీ మంచం మీదికి.

“శిబిరానికి ఎప్పుడు వెళ్తున్నావ్?” అని వాడే అడిగాడు ఒకరోజు.

“వెళ్ళటంలేదు.”

“ఎందుకే?”

“నిన్నెవరు లేపుతారు? స్తంభంలా నీ అంతట నువ్వే లేస్తావా?”

అనేశాక నాలుక కరుచుకున్నాను. “వెళ్ళవే” అన్నాడు వాడు. “నా బదులు నువ్వైనా వెళ్తున్నావనుకున్నా. ఆ ఒక్కటీ లేకుండా చెయ్యకు.” నేను వెళ్ళలేదు. నా చోటు ఇంకెవరికో వెళ్ళింది. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే తప్పు ఎవరిదో చెప్పాల్సి వస్తుంది, చెప్పడానికి ఎవరిదీ కాదు.

వాణ్ణి మొదట్లో ఎత్తినప్పుడు నా తొడలు మండేవి. ఎంత బలిసిపోయావురా అని తిట్టేదాన్ని. కొన్నాళ్ళకి మంట తగ్గింది. నేను బలపడుతున్నానేమో అనుకున్నాను. మా పనిలో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, నిన్నటి బరువు ఇవాళ తేలికైతే అంతకంటే ఏం కావాలి? కానీ నేను హాలులోకి అడుగుపెట్టి వారాలైంది. బలపడటానికి నేను చేస్తున్నదేమీ లేదు. ప్రతి వారం వాడు తేలికవుతున్నాడు. భుజాల ఎముకలు నా మెడకి గుచ్చుకుంటున్నాయి. చలి మొదలైన ఒక పొద్దున వాణ్ణి మంచం మీంచి లేపినప్పుడు నేను ఊపిరి బిగబట్టాల్సిన అవసరం కూడా రాలేదు. పాత దుప్పటి తీసినట్టు పైకి వచ్చేశాడు. వాడికీ తెలిసింది. నా చెవి పక్కన వాడి ఊపిరి ఒక్క క్షణం ఆగింది.

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మేం లేచే ప్రతిసారీ ఆయన అక్కడికి వచ్చి నిలబడతాడు, లోపలికి రాడు.

“బరువుగా ఉన్నాడా అమ్మా?” అన్నాడు.

“బరువుగానే ఉన్నాడు నాన్నా” అన్నాను. అంటూ కాస్త మూలిగాను కూడా.

ఆయన మొహంలోకి ఎన్నాళ్ళకో కాస్త రంగు వచ్చింది. “ఉంటాడు మరి” అన్నాడు. “నడుం జాగ్రత్త.”